ఈ నెల ఏ సిరీస్ మొదలుపెట్టాలి? విశాఖ ఇళ్లకు ఒక పోలిక

రేటింగు చూసి సిరీస్ మొదలుపెట్టినవాళ్లు చాలామంది రెండో ఎపిసోడ్ దగ్గరే ఆగిపోతారు. సిరీస్ బాగోలేక కాదు. హాల్లో అత్తగారు కూర్చున్నప్పుడు బూతు డైలాగు పడుతుంది. రాత్రి పదిన్నరకి డ్యూటీ దిగి వచ్చి పెట్టుకున్న ఎపిసోడ్ గంటసేపు సాగుతుంది. నిద్ర మానుకుని ఎనిమిది ఎపిసోడ్లు చూస్తే చివర కథ తేలదు. అందుకని కింద చెప్పిన సిరీస్‌లలో ఏది గొప్పదన్న లెక్క వేయలేదు. ఏది ఎవరింట్లో ఆగకుండా నడుస్తుందన్నదే చూశాం.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: ఎవరితో చూస్తారు? మిగతావన్నీ దీని తర్వాతే. హాల్లో టీవీ మీద అందరితో చూసేది వేరు, భార్యాభర్తలిద్దరే చూసేది వేరు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో ఒక్కరే చూసేది వేరు. వయసు గుర్తు చూస్తే సరిపోతుంది కదా అంటారు గానీ, అది ఒక్కటే చాలదు. ఒకే గుర్తు ఉన్న రెండు సిరీస్‌లలో ఒకదాంట్లో నెత్తురు ఉంటుంది, ఇంకోదాంట్లో బూతులు ఉంటాయి. నెత్తురు పడితే తల తిప్పుకునే తాతగారు బూతు వినబడితే లేచి లోపలికి వెళ్లిపోతారు. గుర్తు పక్కనే హింస, భాష, మద్యం అని చిన్న అక్షరాల్లో కారణం కూడా వేస్తారు. చూడాల్సింది దాన్ని.

రెండోది, ఒక ఎపిసోడ్ నిడివి. ఉక్కునగరంలో, కూర్మన్నపాలెంలో షిఫ్టు డ్యూటీల ఇళ్లకి ఇది చాలా ముఖ్యం. బీ షిఫ్టు, అంటే సాయంత్రం డ్యూటీ, దిగి వచ్చి అన్నం తింటూ చూడడానికి అరగంటలో ముగిసేదే సరిపోతుంది. సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, వారంలో పగలు నిద్రపోవాల్సినవాళ్లు ప్రతి ఎపిసోడ్ చివరా ముడి వేసే థ్రిల్లర్ మొదలుపెడితే ఆ వారం నిద్ర పోయినట్టే.

మూడోది, కథ ముగుస్తుందా లేదా? తెలుగు సిరీస్‌లలో పెద్ద రోగం ఇదే. రెండో సీజన్ వస్తుందన్న ఆశతో చివర ముడి వదిలేస్తారు, ఆ రెండో సీజన్ ఏళ్లు గడిచినా రాదు.

నాలుగోది భాష. విశాఖలో నేవీ, రైల్వే, పోర్టు, స్టీల్‌ప్లాంటు పుణ్యమా అని హిందీ బాగా వచ్చిన ఇళ్లు చాలానే ఉన్నాయి. మల్కాపురం, సింధియా వైపు అయితే చెప్పనక్కర్లేదు. వాళ్లకి హిందీ సిరీస్‌ని హిందీలోనే చూసే వీలుంది. మిగతావాళ్లు డబ్బింగ్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఏ యాప్‌లో ఉందన్నది ఆఖరి ప్రశ్న. చాలామంది దీంతోనే మొదలుపెట్టి, ఉన్న యాప్‌లో ఏది దొరికితే అది చూసి విసుక్కుంటారు.

| సిరీస్ | ఎక్కడ | ఎపిసోడ్లు | ఎవరితో | కథ తేలుతుందా |
|---|---|---|---|---|
| నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్ (2024) | ఈటీవీ విన్ | 6 | ఇంటిల్లిపాదీ | తేలుతుంది |
| కుమారి శ్రీమతి (2023) | ప్రైమ్ వీడియో | 7 | ఇంటిల్లిపాదీ | తేలుతుంది |
| అమృతం (2001–2007) | యూట్యూబ్ | వందల్లో | ఎవరైనా | ఏ ఎపిసోడ్‌కి ఆ ఎపిసోడే |
| సేవ్ ది టైగర్స్ (2023, 2024) | జియోహాట్‌స్టార్ | 6, 7 | దంపతులు, స్నేహితులు | మొదటి సీజన్‌తో తేలదు |
| సివరపల్లి (2025) | ప్రైమ్ వీడియో | 8 | ఇంటిల్లిపాదీ | చాలావరకు |
| ధూత (2023) | ప్రైమ్ వీడియో | 8 | పెద్దవాళ్లు | అసలు రహస్యం తేలుతుంది |
| కుడి ఎడమైతే (2021) | ఆహా | 8 | ఒక్కరే, ఇద్దరే | కొన్ని ముడులు మిగులుతాయి |
| బృంద (2024) | సోనీ లివ్ | 8 | పెద్దవాళ్లు | తేలుతుంది |
| ది రైల్వే మెన్ (2023) | నెట్‌ఫ్లిక్స్ | 4 | పెద్దవాళ్లు | తేలుతుంది |

హాల్లో అందరూ ఉన్నప్పుడు

ఇంటిల్లిపాదికీ ఒక్కటే చెప్పమంటే నైంటీస్. ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారు, ముగ్గురు పిల్లలు, పైసా పైసా లెక్కపెట్టే ఇల్లు. శివాజీ, వాసుకి ఆ తల్లిదండ్రులుగా ఎక్కడా ఎక్కువ చేయలేదు. మార్కుల కాగితం, ఉప్మా, చుట్టాల పలకరింపులు, ఇలాంటి చిన్న సంగతుల మీదే కథ నడుస్తుంది. ఆరు ఎపిసోడ్లు ఒక ఆదివారంలో అయిపోతాయి. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, తొంభైల తర్వాత పుట్టిన పిల్లలకి ఇందులో సగం నవ్వులు అందవు. పక్కన కూర్చుని ‘అప్పట్లో ఇలాగే ఉండేది’ అని వివరించే పెద్దవాళ్లుంటేనే వాళ్లు కదలకుండా చూస్తారు. కథలో పెద్ద మలుపు కోసం ఎదురుచూసేవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లొద్దు. మలుపులు లేవు.

రోజూ సీరియల్ చూసే అమ్మలకి, అమ్మమ్మలకి సిరీస్ అలవాటు చేయాలంటే కుమారి శ్రీమతి మంచి దారి. మొదటి కారణం గోదావరి జిల్లా పల్లెటూరు, తాతల నాటి ఇల్లు, దాన్ని దక్కించుకోవాలన్న పంతం. సీరియల్ చూసే కంటికి ఇదంతా పరిచయమే. రెండో కారణం నిరుపమ్ పరిటాల. కార్తీకదీపం డాక్టర్ బాబు కనబడగానే హాల్లో సగం పని అయిపోయినట్టే. నిత్యా మేనన్ మాట తీరులో వెటకారం, మొండితనం రెండూ సరిపడా ఉన్నాయి. ఇల్లు నిలబెట్టుకోవడానికి ఆ అమ్మాయి ఊళ్లో బార్ పెడుతుంది. ఆ సంగతి దగ్గర కొందరు పెద్దవాళ్లు మొహం ముడుస్తారు, రెండు ఎపిసోడ్లు ఓపిక పడితే వాళ్లే ఆ అమ్మాయి పక్షం వహిస్తారు. నడుమ కొంచెం సాగదీత ఉంది. సీరియల్‌కి అలవాటుపడ్డవాళ్లకి అదేమంత కనబడదు. థ్రిల్లర్లు చూసే కుర్రాళ్లు ఫోన్ తీస్తారు.

అమృతం గురించి కొత్తగా చెప్పేదేముంది! అప్పాజీ అద్దె, సర్వం వంట, అమృతరావు–ఆంజనేయులు వ్యాపార ప్రయత్నాలు. అమృతరావు పాత్రలో శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ మారుతూ వచ్చారు కాబట్టి మధ్యలో ఎక్కడో మొదలుపెట్టి మొహం మారిందని కంగారుపడొద్దు. వరస పాటించక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, ఎప్పుడైనా ఆపొచ్చు. బీ షిఫ్టు భోజనానికి దీన్ని మించింది లేదు. కొత్త సిరీస్ చూశామన్న తృప్తి మాత్రం రాదు.

ఇద్దరే ఉన్నప్పుడు, స్నేహితులు వచ్చినప్పుడు

సేవ్ ది టైగర్స్‌లో ముగ్గురు మొగుళ్లు, ముగ్గురు పెళ్లాలు. ప్రియదర్శి, అభినవ్ గోమఠం, చైతన్య కృష్ణ మొగుళ్ల గోల చెబుతుంటారు. పెళ్లాల వైపు న్యాయం కూడా కథలో ఉంది, అందుకే ఇది వట్టి భార్యల మీద జోకుల పోగు కాలేదు. జోర్దార్ సుజాత, ప్రియదర్శి మధ్య సన్నివేశాలు అన్నిటికన్నా బాగుంటాయి. తాగుడు సన్నివేశాలు, రెండర్థాల మాటలు ఉన్నాయి. హాల్లో పెడితే పెద్ద తప్పేం కాదు గానీ, పదేళ్ల పిల్లలు ఉంటే ప్రశ్నలొస్తాయి. మొదటి సీజన్ చివర ఒక మనిషి మాయమైన సంగతి అలాగే వదిలేస్తారు. కనుక రెండు సీజన్లకీ కలిపి సమయం పెట్టుకోగలిగితేనే మొదలుపెట్టండి. రెండో సీజన్‌లో నవ్వు కొంచెం పలచబడింది, ముడి మాత్రం విప్పారు.

పంచాయత్ చూడాలా, సివరపల్లి చూడాలా?

దీని మీద ఎక్కువ వాదన జరుగుతుంది కాబట్టి కాస్త వివరంగా. సివరపల్లి అంటే 2020 ఏప్రిల్‌లో వచ్చిన హిందీ పంచాయత్ మొదటి సీజన్‌కి తెలుగు రూపం. ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు ఇష్టం లేకుండా పల్లెటూరి పంచాయతీ సెక్రటరీగా చేరతాడు. హిందీలో జితేంద్ర కుమార్, తెలుగులో రాగ్ మయూర్. రెండూ ఎనిమిది ఎపిసోడ్లే, రెండూ ప్రైమ్‌లోనే.

హిందీ అర్థమైతే అసలుదే చూడండి. రఘువీర్ యాదవ్, నీనా గుప్తా ఉన్న ఆ ఇంటి వాతావరణం అనువాదానికి లొంగలేదు. అసలు సిరీస్‌కి 2022, 2024, 2025లలో మరో మూడు సీజన్లు వచ్చాయి కాబట్టి నచ్చితే ఆగకుండా ముందుకు వెళ్లొచ్చు. నవ్వు కోసం మొదలుపెట్టినవాళ్లకి ఒక మాట: రెండో సీజన్ చివరికొచ్చేసరికి కథ బరువెక్కుతుంది, ఆ తర్వాత ఊరి రాజకీయం పెరుగుతుంది. మొదటి సీజన్ తేలికదనం మళ్లీ అంతగా దొరకదు.

హిందీ అంతంతమాత్రమైతే సివరపల్లి. మురళీధర్ గౌడ్, రూపాలక్ష్మి మాట్లాడే తెలంగాణ మాట సహజంగా ఉంది. మన ఉత్తరాంధ్ర చెవికి ఆ యాస మొదటి ఎపిసోడ్‌లో కొంచెం కొత్తగా తగులుతుంది, రెండో ఎపిసోడ్ నుంచి ఏ అడ్డూ ఉండదు. (విజయనగరం, శ్రీకాకుళం మాటతో నడిచే ఇలాంటి పల్లెటూరి సిరీస్ ఒకటి ఎవరైనా తీస్తే బాగుండును. సినిమాల్లో ఆ యాసని పనిమనిషికో దొంగకో అంటగట్టి సరిపెడుతున్నారు.)

వద్దనేది ఒక్కటే, రెండూ వెంటవెంటనే చూడడం. సన్నివేశానికి సన్నివేశం దాదాపు ఒకటే కావడంతో రెండోసారి చూసేది ఏదైనా చప్పగా ఉంటుంది. పంచాయత్ ఇప్పటికే చూసినవాళ్లు సివరపల్లిని ఇంట్లో పెద్దవాళ్లకి పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోవడం మేలు.

ధూత, ఇంకా చీకటి కథలు

విశాఖలో జరిగే కథ కావాలంటే ధూత. విక్రమ్ కె. కుమార్ దర్శకుడు, నాగచైతన్యకి ఇది మొదటి సిరీస్. పత్రికా సంపాదకుడి చేతికి దొరికే కాగితం ముక్కల్లో జరగబోయేది ముందే అచ్చయి ఉంటుంది, అది అలాగే జరుగుతుంది. ఎలా జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అన్నదే కథ.

మన ఊరు కదా అని చూసేవాళ్లు ఆశలు కొంచెం తగ్గించుకోవాలి. బీచ్ రోడ్డు అందాలు, కైలాసగిరి మీంచి సముద్రం లాంటివి ఇందులో వెతకొద్దు. కథ పొడవునా వాన పడుతూనే ఉంటుంది. ఉక్కపోత తప్ప ఇంకోటి ఎరగని మనకి ఈ విశాఖ ఏ దేశంలో ఉందా అనిపిస్తుంది. ఆ వాన కథకి ఉపయోగపడిందనేది వేరే సంగతి.

బలం ఎక్కడంటే మొదటి ఎపిసోడ్‌లో. అది చూశాక ఆపడం కష్టం. పార్వతి తిరువోతు పోలీసు అధికారిగా వచ్చినప్పుడల్లా కథ నిటారుగా నిలబడుతుంది. బలహీనత నడుమ మూడు ఎపిసోడ్లలో ఉంది. కాగితం దొరకడం, దుర్ఘటన జరగడం, మళ్లీ కాగితం. ఈ వరస తెలిసిపోయాక భయం తగ్గుతుంది. పాత రోజుల కథ మొదలయ్యాక మళ్లీ పుంజుకుంటుంది, కాబట్టి ఆపాలనిపించినా ఆరో ఎపిసోడ్ దాకా ఓర్చుకోవడం మంచిది. చావులు చూపించే తీరు కటువుగా ఉంటుంది, భాష కూడా శుభ్రం కాదు. పిల్లలు పడుకున్నాకే పెట్టుకోండి.

కుడి ఎడమైతే ఆలోచన ఇంకా పదునైంది. సీఐగా అమలాపాల్, డెలివరీ కుర్రాడిగా రాహుల్ విజయ్. ఒకే రోజు వీళ్లిద్దరికీ మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది. దర్శకుడు పవన్ కుమార్. ఏ చిన్న వివరం ఎప్పుడు మళ్లీ అవసరపడుతుందో తెలియదు కాబట్టి బట్టలు మడతపెడుతూనో ఫోన్ చూస్తూనో చూసే సిరీస్ కాదిది. అలా చూసినవాళ్లే మూడో ఎపిసోడ్‌కి ‘ఏటి జరుగుతోందో తెలీట్లేదు’ అంటారు. ముగింపు పూర్తిగా మూసుకోదు. దాన్ని భరించలేనివాళ్లు బృందకి వెళ్లండి. త్రిషకి మొదటి సిరీస్, మూఢనమ్మకం చుట్టూ అల్లిన హత్యల కథ, నేరుగా మొదలై నేరుగా ముగుస్తుంది. ధూతతో పోలిస్తే కొత్తదనం తక్కువ, కుదురు ఎక్కువ.

జీ ఫైవ్ ఉన్నవాళ్లు గాలివాన చూడొచ్చు. రాధిక, సాయికుమార్ ఎదురెదురుగా నిలబడిన సన్నివేశాల కోసమైనా. బీబీసీ సిరీస్ ఆధారంగా తీసింది. జియోహాట్‌స్టార్‌లో నైన్ అవర్స్ 1985 నాటి బ్యాంకు దోపిడీల కథ, మల్లాది నవల ఆధారం. నవల చదివినవాళ్లకి నచ్చే అవకాశం తక్కువ.

గోపాలపట్నం వైపు ఇళ్లకి ఒక హెచ్చరిక

ది రైల్వే మెన్ నాలుగే ఎపిసోడ్లు. 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు లీకైనప్పుడు భోపాల్ స్టేషన్‌లో రైల్వే ఉద్యోగులు జనాన్ని ఎలా కాపాడారన్నది కథ. కేకే మేనన్, మాధవన్ బాగా చేశారు. చిన్న సిరీస్‌లలో పూర్తిగా ముగిసే మంచి కథ ఏదంటే దీన్నే ముందు చెప్పాలి. వాల్తేరు రైల్వే కుటుంబాలకి ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. సిగ్నల్ క్యాబిన్, కంట్రోల్ ఆఫీసు మాటలు వాళ్ల ఇంటి మాటలే.

కానీ 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో కర్మాగారం నుంచి స్టైరీన్ విషవాయువు లీకైన రాత్రి పరుగెత్తినవాళ్లు, వాళ్ల బంధువులు ఈ ఊళ్లోనే ఉన్నారు. రోడ్డు మీద మనుషులు కూలబడే దృశ్యాలు ఇందులో చాలాసేపు నడుస్తాయి. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే ముందు చెప్పి, వాళ్లు సరేనంటేనే పెట్టండి. ప్రైమ్‌లోని ది ఫ్యామిలీ మ్యాన్ మొదటి సీజన్ ముగింపులో కూడా రసాయన కర్మాగారం వస్తుంది కాబట్టి అదే జాగ్రత్త అక్కడా. మిగతా విషయాల్లో ఫ్యామిలీ మ్యాన్‌కి పెద్దగా వంక పెట్టలేం. తీసిన రాజ్, డీకే మన రాష్ట్రం వాళ్లే. సమంత ఉన్న రెండో సీజన్ మొదటిదానికన్నా బిగువుగా ఉంటుంది. అలాగని నేరుగా రెండోదానికి వెళ్లొద్దు, మొదటి సీజన్ ముడి అక్కడే విప్పుతారు.

హాల్లో పెట్టకూడనివి

రానా నాయుడు. వెంకటేశ్ ఉన్నాడు కదా, ఫ్యామిలీ హీరో కదా అని పెట్టి రిమోట్ కోసం వెతుక్కున్న ఇళ్లు ఎన్నో. బూతు, పడకగది దృశ్యాలు మొదటి ఎపిసోడ్ నుంచే ఉంటాయి. సైతాన్ కూడా అంతే, అందులో నెత్తురు ఇంకా ఎక్కువ. ఒక్కరే చూసేవాళ్లకి రెంటిలో సైతాన్ మెరుగు, దాంట్లో కనీసం కోపానికి కారణం ఉంది.

డబ్బింగ్, డేటా, ప్రయాణం

డబ్బింగ్ ఉన్న సిరీస్ టీవీలో హిందీలోనో ఇంగ్లిష్‌లోనో మొదలైతే తెలుగు లేదనుకుని ఆపేయకండి. ఎపిసోడ్ నడుస్తుండగా ఆడియో అన్నచోట తెలుగు ఎంచుకోవాలి, ఒక్కసారి మారిస్తే ఆ ప్రొఫైల్‌కి సాధారణంగా అదే నిలుస్తుంది. డబ్బింగ్ మాటకీ సబ్‌టైటిల్ మాటకీ పొంతన ఉండదు కాబట్టి రెండూ కలిపి పెట్టుకుంటే తలనొప్పి. ఏదో ఒకటి ఆపండి.

వైఫై లేకుండా ఫోన్ డేటా మీద చూసేవాళ్లకి లెక్క ఇది. నెట్‌ఫ్లిక్స్ చెప్పే ప్రకారం మధ్యస్థ నాణ్యతలో గంటకి 0.7 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా ఖర్చవుతుంది. నాలుగు గంటల ది రైల్వే మెన్ మధ్యస్థంలో 3 జీబీలోపు, హెచ్‌డీలో 12 జీబీ దాకా. రోజుకి 2 జీబీ ప్యాకుతో హెచ్‌డీ పెడితే మొదటి ఎపిసోడ్ కూడా పూర్తికాకపోవచ్చు. యాప్ సెట్టింగుల్లో డేటా వాడకాన్ని తగ్గించి పెట్టుకోండి. ఫోన్ తెర మీద తేడా పెద్దగా తెలియదు.

సికింద్రాబాద్ వందేభారత్‌లో ఎనిమిదిన్నర గంటలు కూర్చునేవాళ్లు ముందురోజు రాత్రి వైఫై మీద డౌన్‌లోడ్ చేసుకోవాలి. దారి పొడవునా సిగ్నల్ నిలకడగా ఉండదు. డౌన్‌లోడ్‌కి గడువుంటుంది. ప్రైమ్‌లో ఒక ఎపిసోడ్ నొక్కి మొదలుపెడితే 48 గంటల్లో ముగించాలి. ఇంట్లో ఉండగానే సరిగ్గా దిగిందో లేదో చూద్దామని అన్నీ ఒక్కసారి తెరిచి చూసేవాళ్లు తిరుగు ప్రయాణానికి ఏమీ లేకుండా మిగులుతారు. అరకు రైల్లో అయితే వెళ్లేటప్పుడు ఏదీ వద్దు, కిటికీ చాలు. చీకట్లో వచ్చేటప్పుడు అమృతం నాలుగు ఎపిసోడ్లు ఉంటే సరి. దానికి యూట్యూబ్‌లో ముందే దించుకోవాలి, సొరంగాల్లో నెట్ రాదు.

డబ్బు ఎలా కట్టాలి

అన్ని యాప్‌లూ ఒకేసారి కట్టడం దండగ. నెలకి ఒకటి చాలు. ఈటీవీ విన్ ఒక నెల కట్టి నైంటీస్ ముగించండి. తర్వాత నెల ప్రైమ్. కుమారి శ్రీమతి, ధూత, సివరపల్లి, ఫ్యామిలీ మ్యాన్ అన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి ఈ జాబితాలో డబ్బుకి తగ్గ సరుకు దాంట్లోనే ఎక్కువ. 2025 జూన్ 17 నుంచి ప్రైమ్‌లో మధ్యలో ప్రకటనలు వస్తున్నాయి, అవి వద్దనుకుంటే అదనంగా కట్టాలి. ధూత లాంటి కథకి ప్రకటన అడ్డుపడితే చిరాకే, కుమారి శ్రీమతికి పెద్ద నష్టం లేదు. నెట్‌ఫ్లిక్స్‌లో 2021 డిసెంబరులో 149 రూపాయలకి తగ్గించిన మొబైల్ ప్లాన్ ఫోన్‌కి, ట్యాబ్‌కే పనికొస్తుంది, టీవీ మీదకి పోదు. ది రైల్వే మెన్ హాల్లో చూద్దామని ఆ ప్లాన్ కట్టినవాళ్లు మళ్లీ పై ప్లాన్‌కి మారాల్సి వస్తుంది. హాట్‌స్టార్, జియోసినిమా రెండూ 2025 ఫిబ్రవరిలో కలిసిపోయి జియోహాట్‌స్టార్ అయ్యాయి. కొన్ని మొబైల్ రీచార్జ్‌లతో అది కలిసి వస్తుంది, కట్టే ముందు మీ ప్యాక్ వివరాలు ఒకసారి చదవండి.

నెల ప్లాన్ తీసుకున్నప్పుడు యూపీఐ ఆటోపే అడుగుతుంది. ఒప్పుకున్నా ఫర్వాలేదు గానీ, కట్టిన రోజే మీ పేమెంట్ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి దాన్ని రద్దు చేసేయండి. సాధారణంగా కట్టిన నెల పూర్తయ్యేదాకా సిరీస్ నడుస్తూనే ఉంటుంది, వచ్చే నెల డబ్బు మాత్రం పోదు.